పాఠకుల ప్రశ్నలు: ఒకే నాచు కణంలో హరితరేణువులన్నీ ఒకటేనా?

ఈశాన్య రుతుపవనాల వానలకు నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చెరువులు నిండి మడుల్లో నీళ్లు నిలిచే కాలం ఇది. కాలేజీ ప్రయోగశాలల్లో నాచు చూడటానికీ ఇదే అదను. ఈసారి వచ్చిన ప్రశ్నలు కూడా దాదాపు అన్నీ నాచు కణం చుట్టూనే తిరిగాయి.

ప్రశ్న: నెల్లూరు చెరువు గట్టున దొరికిన స్పైరోగైరా అనే పోగుల నాచును 40 ఎక్స్ లెన్సు కింద చూశాం. ఒకే కణంలో ఒక పట్టీ ముదురుగా, వెడల్పుగా ఉంది. ఇంకొకటి పలచగా, మసకగా ఉంది. అయోడిన్ వేస్తే పట్టీ మీది చుక్కల్లో కొన్ని నల్లబడ్డాయి, కొన్ని మారలేదు. ఒకే కణంలో రెండు రకాల హరితరేణువులు ఉన్నాయని రికార్డులో రాయవచ్చా? (డిగ్రీ విద్యార్థిని, నెల్లూరు)

జవాబు: అప్పుడే రాయకండి. మీకు కనిపించిన తేడాల్లో మొదటిది లెన్సు వల్ల వచ్చింది. రెండోది మందు అంతటా అందకపోవడం వల్ల వచ్చి ఉంటుంది.

స్పైరోగైరా కణాన్ని సన్నని గాజు గొట్టంలా ఊహించుకోండి. హరితరేణువు పట్టీ ఆ గొట్టం లోపలి అంచును అంటుకుని మరచుట్టులా తిరుగుతుంది. జాతిని బట్టి కణానికి ఒక పట్టీ నుంచి పదహారు దాకా ఉండవచ్చు. కణం వెడల్పు ఎక్కువ జాతుల్లో 20 నుంచి 100 మైక్రాన్లు. 40 ఎక్స్ లెన్సు ఒక్కసారికి స్పష్టంగా చూపే మందం ఒకటి రెండు మైక్రాన్లే. పైవైపు పట్టీ ముక్క తేటగా ఉన్నప్పుడు అడుగువైపు ముక్క మసకబారక తప్పదు. ఫైన్ మరను నెమ్మదిగా తిప్పి చూడండి. ఇందాక మసకగా ఉన్నది తేటపడి, తేటగా ఉన్నది మసకబారితే అది ఫోకస్ తేడాయే. ఇంకో గుర్తు కూడా ఉంది. పై ముక్కలు ఒక పక్కకు వాలి ఉంటే అడుగు ముక్కలు రెండో పక్కకు వాలి ఉంటాయి. పట్టీలు ఎన్నో తేల్చుకోవాలంటే కణం నడుమ లెక్కపెట్టకండి, అక్కడ ఒకే పట్టీ నాలుగైదుసార్లు అడ్డొస్తుంది. రెండు కణాల మధ్య అడ్డగోడ దగ్గర తేలిన కొసలు లెక్కపెట్టండి.

ఇక అయోడిన్ సంగతి. పట్టీ మీది చుక్కలు పైరినాయిడ్లు. కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకునే రుబిస్కో ఎంజైము అక్కడ ముద్దకట్టి ఉంటుంది, దాని చుట్టూ పిండిపదార్థం పెంకులా పేరుకుంటుంది. నల్లబడేది ఆ పెంకే. మధ్యలోని ప్రోటీను ముద్ద గోధుమ రంగుకే వస్తుంది. మందు ఇలా చేసుకోండి: పొటాషియం అయొడైడ్ 2 గ్రాములు ముందుగా 5 మి.లీ. నీటిలో కరిగించి, అందులో అయోడిన్ 1 గ్రాము వేసి, పూర్తిగా కరిగాక నీళ్లు పోసి 300 మి.లీ. చేయండి. అయోడిన్‌ను నేరుగా నీళ్లలో వేస్తే కరగక అడుగున పలుకులుగా మిగులుతుంది, పైన ఉన్న నీటికి బలం ఉండదు. పాత సీసాల్లోని మందు పనిచేయకపోవడానికి మరో కారణం, మూత వదులై అయోడిన్ ఆవిరైపోవడం. కవర్ స్లిప్పుకు ఒక అంచున ఒక చుక్క వేసి, ఎదురు అంచున అద్దుడు కాగితంతో నీటిని లాగండి. రెండు నిమిషాలు ఆగాక చూడండి. పోగులు ముద్దగా ఉంటే అంచున ఉన్నవాటికే మందు అందుతుంది. స్లైడు మీద రెండు మూడు పోగులు చాలు. అయోడిన్ కణాన్ని చంపుతుంది కనుక, జీవకణంలో చూడాల్సినవన్నీ ముందే చూసి బొమ్మ గీసుకోండి.

ఇవన్నీ సరిచేశాక కూడా చుక్కల మధ్య తేడా కనిపిస్తే అప్పుడు దాన్ని నమ్మవచ్చు. అదే చోటి నాచును తెల్లవారకముందు ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి తెచ్చి పోల్చండి. పగలంతా కూడిన పిండి రాత్రికి ఖర్చవుతుంది కాబట్టి సాయంత్రపు కణాలు ఎక్కువ నల్లబడతాయి. సీసాలో మూడో వంతుకు మించి నాచు కుక్కకండి. ఎండలో ఉంచిన బిగుతు సీసాలో నాచు గంటల్లో ఉడికిపోతుంది. అప్పుడు పట్టీలు గోడను వదిలి కణం మధ్యలో ఉండకడతాయి. చచ్చిన ఆ కణాలను చూసి "వేరే రకం హరితరేణువు" అని బొమ్మ గీసిన రికార్డులు తక్కువేమీ కావు.

ప్రశ్న: మరి ఒకే కణంలో నిజంగా తేడా ఉన్న హరితరేణువులను విద్యార్థులకు చూపించాలంటే మన వైపు దొరికే నాచు ఏది? (జూనియర్ కాలేజీ అధ్యాపకురాలు, కావలి)

జవాబు: రెండున్నాయి. ఒకటి ఉప్పునీటిది, ఒకటి మంచినీటిది.

ఉప్పునీటిది కీటోమార్ఫా. బకింగ్‌హాం కాలువలో, సముద్రపు పాయల్లో, రొయ్యల చెరువుల అంచుల్లో కొమ్మల్లేని ముతక వెంట్రుకల చిక్కులా తేలుతుంటుంది. చేతికి గరుకుగా తగులుతుంది, పిండినా జిగురు రాదు. స్పైరోగైరా వేళ్ల మధ్య జారిపోతుంది కనుక రెండూ కలగలిసిపోయే భయం లేదు. కొమ్మలు వేసి ఉంటే అది క్లాడోఫోరా, దానితోనూ ఈ పని జరుగుతుంది. ఈ రెండింటి కణాల్లో కేంద్రకాలు అనేకం, హరితరేణువులూ వందల్లో ఉంటాయి. అవి ఒకదానికొకటి ఆనుకుని గోడ లోపల వలలా పరుచుకుంటాయి. వాటిలో కొన్నింటికే పైరినాయిడ్ ఉంటుంది, కొన్నింటికి ఉండదు. తరగతిలో చూపించడానికి ఇంతకన్నా తేలికైన తేడా లేదని మా అభిప్రాయం.

పచ్చదనం దట్టంగా ఉండటంతో అయోడిన్ నలుపు నేరుగా తెలియదు. ముందు రంగు తీయాలి. నాచును చిన్న గాజు గిన్నెలో స్పిరిట్‌లో ముంచి, ఆ గిన్నెను సుమారు 60 డిగ్రీల వేడినీళ్లున్న పళ్లెంలో పది నిమిషాలు ఉంచండి. దగ్గర్లో మంట ఏదీ వెలగకూడదు. స్పిరిట్ ఆవిరి ఇట్టే అంటుకుంటుంది, అందుకే నీళ్లు వేరేచోట కాచి తెచ్చి పోయాలి. నాచు తెల్లబడ్డాక నీళ్లలో కడిగి అయోడిన్ వేయండి. పైరినాయిడ్ ఉన్న రేణువులో రెండు గిన్నెలు ఎదురెదురుగా బోర్లించినట్టు నల్లని జంట కనిపిస్తుంది. ఈ కుటుంబపు నాచుల్లో పైరినాయిడ్‌ను నడుమ ఒక పొర రెండుగా చీలుస్తుంది, ఒక్కో సగానికీ ఒక్కో పిండి చిప్ప ఉంటుంది. ఆ జంట లేని రేణువులు దాని పక్కనే తెల్లగా కనిపిస్తాయి. పచ్చి నాచు చూసేటప్పుడు మాత్రం అది పెరిగిన నీళ్లే వాడండి. కుళాయి నీళ్లు వేస్తే ఉప్పు తేడాకు కణం దెబ్బతింటుంది.

మంచినీటిది కారా, దాని దగ్గరి చుట్టం నైటెల్లా. వరి మడుల్లో, చెరువు అంచున లోతు తక్కువ చోట అడుగున నాటుకుని, కణుపు కణుపుకూ వలయంగా కొమ్మలు వేస్తుంది. నలిపితే వెల్లుల్లిని తలపించే వాసన వస్తుంది. కణుపుకూ కణుపుకూ మధ్యనున్న కాడ ఒకే కణం, పొడవు కొన్ని సెంటీమీటర్లు. హరితరేణువులు గోడ లోపల వరుసలు కట్టి కదలకుండా ఉంటాయి. వాటి అడుగున కణద్రవ్యం సెకనుకు 50 నుంచి 100 మైక్రాన్ల వేగంతో ఒక పక్క పైకి, ఒక పక్క కిందికి పారుతుంటుంది. ఆ రెండు ప్రవాహాల మధ్య సన్నని గీత మేర అసలు హరితరేణువులే ఉండవు. ఎదుగుతున్న లేత కాడలో డంబెల్ ఆకారంలో నడుము సన్నబడ్డ రేణువులు కనిపిస్తాయి, అవి రెండుగా చీలుతున్నవి. అదే వరుసలో పక్కనున్నవి గుండ్రంగా నింపాదిగా ఉంటాయి. కాబట్టి వయసు తేడా ఒకే కణంలో కంటికి తెలుస్తుంది.

దీనికన్నా లోతైన తేడా పనిలో ఉంది. వెలుతురు పడ్డప్పుడు ఈ కణం తన పొడవునా ఒక మేర పులుపు, ఒక మేర క్షారం, మళ్లీ పులుపు, మళ్లీ క్షారం అన్నట్టు పట్టీలుగా మారుతుంది. పులుపు మేరలో గోడ బయట పీహెచ్ 6 దరిదాపుల్లో ఉంటే క్షారపు మేరలో 9 దాటుతుంది. పులుపు మేరలో కణం బయటికి నెట్టే ప్రోటాన్లు నీటిలోని బైకార్బొనేట్‌ను కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తాయి, అది తేలిగ్గా లోపలికి పోతుంది. ఆ మేర కింది హరితరేణువులకు ముడిసరుకు పుష్కలం. క్షారపు మేర కిందివాటికి కరువు. మంచి వెలుతురులో పత్రహరితపు ఫ్లోరెసెన్స్ (అది తిరిగి వెలువరించే వెలుతురు) కొలిస్తే, పులుపు మేర రేణువులు ఎక్కువ పనిచేస్తున్నట్టూ, క్షారపు మేరవి అందుకున్న వెలుతురులో ఎక్కువ భాగం వేడిగా వదిలేస్తున్నట్టూ తేలుతుంది. పుట్టుకలో తేడా లేదు, ఉన్నచోటే తేడా తెచ్చింది. సున్నం ఎక్కువున్న నీటిలో పెరిగిన కాడ మీద తెల్లని పట్టీలు కట్టేది ఆ క్షారపు మేరల్లోనే.

ప్రశ్న: ఆ పులుపు, క్షారపు పట్టీలను ఫినాల్ రెడ్ రంగుతో చూపించబోయాం. అగార్ జెల్లీలో కారా కాడ పెట్టి లైటు కింద ఉంచితే పట్టీలు రాలేదు, పళ్లెమంతా గులాబీ రంగులో ఉండిపోయింది. ఎక్కడ తప్పాం? (ల్యాబ్ సహాయకుడు, ఒంగోలు)

జవాబు: పళ్లెమంతా గులాబీ అయిందంటే కణం పని మొదలుపెట్టకముందే ద్రావణం క్షారంగా ఉందన్నమాట. ఫినాల్ రెడ్ పీహెచ్ 6.8 కంటే దిగువన పసుపు, 8.2 పైన గులాబీ ఎరుపు. మొదట నారింజ రంగులో ఉంటేనే రెండు వైపులకూ మారగలదు.

ముందు అనుమానించాల్సింది బోరు నీళ్లను. అందులో బైకార్బొనేట్ దండిగా ఉంటుంది, ఒక్క కణం నెట్టే ప్రోటాన్లు దాన్ని కదిలించలేవు. డిస్టిల్డ్ నీళ్లు వాడండి. రెండో తప్పు, వంటసోడాను అగార్‌తో కలిపి మరిగించడం. మరిగితే కార్బన్ డయాక్సైడ్ పోయి ద్రావణం క్షారంగా మారుతుంది. అందుకే వేరువేరుగా చేసి చివర్లో కలపాలి. 100 మి.లీ.కి కొలతలు ఇవి: 70 మి.లీ. డిస్టిల్డ్ నీటిలో 0.7 గ్రాముల అగార్ మరిగించి పక్కన పెట్టండి. లీటరుకు 0.84 గ్రాముల వంటసోడా కలిపిన నీళ్లు 10 మి.లీ., లీటరుకు 0.74 గ్రాముల కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ కలిపిన నీళ్లు 10 మి.లీ., 0.04 శాతం ఫినాల్ రెడ్ 10 మి.లీ. సిద్ధంగా ఉంచుకోండి. అగార్ గోరువెచ్చబడ్డాక మూడూ పోసి కలపండి. రంగు గులాబీగా ఉంటే స్ట్రాతో మెల్లగా ఊపిరి ఊదండి. మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడే దాన్ని నారింజకు తెస్తుంది. పసుపు దాకా ఊదకండి. నురగ వస్తే పక్కకు తీసేయండి.

మూడో తప్పు కణాన్ని చంపడం. చెంప మీద వేసినా ఓర్చుకునేంత వెచ్చదనానికి వచ్చాకే అగార్ కణం మీద పోయాలి. అంతకంటే వేడిలో కణం చస్తుంది, మరీ ఆలస్యమైతే గడ్డకడుతుంది. కాడను ఆ రోజే తుంచి ఆ రోజే వాడటం కూడా పనికిరాదు. రెండు పక్కల కణాలను కత్తిరించి, కావలసిన కాడకు దెబ్బ తగలకుండా విడదీసి, చెరువు నీళ్లలో కనీసం ఒక రాత్రి మసక వెలుతురులో ఉంచండి. మర్నాడు సూక్ష్మదర్శినిలో కణద్రవ్యం పారుతూ కనిపించినవే బతికున్నట్టు లెక్క. ముట్టుకోగానే ప్రవాహం కాసేపు ఆగిపోతుంది, అది చావు కాదు. పది నిమిషాలు ఆగి మళ్లీ చూడండి.

ఇంకొక సంగతి. కారాలో కొన్ని జాతుల కాడ చుట్టూ సన్నని కణాల తొడుగు ఉంటుంది, వాటితో ఈ ప్రయోగం కుదరదు. తొడుగు లేని కారా బ్రౌనీ లేదా నైటెల్లా కావాలి. కాడ మీద నిలువు గీతలేవీ లేకుండా నున్నగా, లోపలి పచ్చ వరుసలు నేరుగా కనిపిస్తే అది సరైనది. 9 వాట్ల ఎల్ఈడీ బల్బు కింద ఒక అడుగు దూరంలో అరగంట నుంచి గంట ఉంచితే పసుపు, గులాబీ మేరలు విడివిడిగా తేలతాయి. తర్వాత అదే పళ్లేన్ని నల్లటి పెట్టెలో పెట్టండి, పట్టీలు చెదిరిపోతాయి. ఈ రెండో భాగం చూపించకుండా ప్రయోగం ముగించకండి. పట్టీలు వెలుతురు వల్లనే వచ్చాయనడానికి ఉన్న రుజువు అదొక్కటే.

ప్రశ్న: ఒక కణంలోని హరితరేణువులన్నిటిలో డీఎన్ఏ ఒకే పరిమాణంలో ఉంటుందా? వాటి మధ్య పని విభజన ఉంటుందా? (పీజీ విద్యార్థి, కందుకూరు)

జవాబు: పరిమాణం ఒకటిగా ఉండనక్కరలేదు. దీనికి పేరుపడ్డ ఉదాహరణ ఎసిటాబులేరియా. గొడుగు ఆకారంలో కొన్ని సెంటీమీటర్ల ఎత్తు పెరిగే ఈ సముద్రపు నాచు మొత్తం ఒకే కణం. ఎదిగే కాలమంతా కేంద్రకం అడుగున వేరులాంటి భాగంలో ఒక్కటే ఉంటుంది, హరితరేణువులు మాత్రం లక్షల్లో ఉంటాయి. 1970లో ప్రచురితమైన పరిశీలనల్లో, వాటిలో కొన్నింటిలోనే డీఎన్ఏ పట్టుబడింది, ఎక్కువవాటిలో పట్టుబడలేదు. డీఎన్ఏ లేకున్నా అవి పచ్చగానే ఎలా నిలుస్తాయని అనిపిస్తుంది. హరితరేణువుకు కావలసిన ప్రోటీన్లలో అత్యధిక భాగానికి జన్యువులు కేంద్రకంలోనే ఉన్నాయి. అయితే డీఎన్ఏ లేని రేణువు తన సొంత జన్యువుల పని కొత్తగా చేయలేదు. అప్పటిదాకా కూడబెట్టుకున్న సరంజామాతోనే నడుస్తుంది. ఇటు క్లామిడోమోనాస్ అనే ఏకకణ నాచును చూడండి. కణానికి ఒకే హరితరేణువు, అందులో సుమారు 80 డీఎన్ఏ ప్రతులు.

పని విభజనకు కాలెర్పా అనే సముద్రపు నాచును చూడాలి. ఆకులాంటివి, పాకే కాడ, వేళ్లలాంటివి అన్నీ కలిపి అడ్డగోడ లేని ఒకే కణం. అందులో పచ్చని హరితరేణువులు కాక, రంగు లేకుండా పిండి మాత్రమే దాచే ఎమైలోప్లాస్టులు కూడా ఉంటాయి. హాలిమీడా, ఉడోటియాలోనూ అంతే. దగ్గరి బంధువులే అయిన కోడియం, బ్రయాప్సిస్‌లలో ఈ రెండో రకం లేదు. ఈ నాచుల వర్గీకరణలోనే ఈ తేడాను ఒక లక్షణంగా వాడారు. హాలిమీడా ఇంకో అడుగు ముందుకేసింది. బిళ్లల గొలుసులాంటి తన ఒంటికి రాత్రి కొత్త బిళ్లలను తెల్లగా పెంచి, తెల్లవారేసరికి పాత భాగాల నుంచి హరితరేణువులను వాటిలోకి తరలిస్తుంది. మేసే చేపలు చురుగ్గా ఉండని రాత్రి వేళే లేత బిళ్ల పెరుగుతుంది కనుక మేతకు నష్టపోయేది తక్కువ. కాలెర్పా కావాలంటే మైపాడు, కొత్తపట్నం ఇసుకలో వెతకడం కన్నా మన్నార్ సింధుశాఖ తీరానికి వెళ్లే బృందంతో తెప్పించుకోవడం మేలు. ప్రయోగం అయ్యాక మిగిలిన ముక్కలను మాత్రం కాలువలో పారేయకండి. మధ్యధరా సముద్రంలో 1984లో మొనాకో దగ్గర కనిపించిన కాలెర్పా టాక్సిఫోలియా ముక్కలతోనే వ్యాపించి కొన్ని దేశాల తీరాలను కమ్మేసింది. మిగిలినవాటిని మరిగే నీళ్లలో వేసి చంపాకే పారేయాలి.

ప్రశ్న: జిగ్నీమా నాచు కణంలో నక్షత్రం ఆకారపు హరితరేణువులు రెండుండాలి కదా, కొన్ని కణాల్లో ఒకటే ఎందుకుంది? (ఇంటర్ విద్యార్థి, గూడూరు)

జవాబు: కణం అప్పుడే చీలింది. రెండు పిల్లకణాలకూ చెరొక నక్షత్రం వస్తుంది, తర్వాత అది రెండుగా విడిపోతుంది. పక్క కణంలోనూ ఒకటే ఉందా, రెండూ పొట్టిగా ఉన్నాయా చూడండి. ఉంటే అనుమానం లేదు.

ప్రశ్న: ఇస్కపల్లి వైపు ఉప్పు కొఠార్లలో నీళ్లు ఎర్రబడతాయి. అది పచ్చ నాచే అంటారు. పచ్చ నాచైతే హరితరేణువు ఎరుపెలా అవుతుంది? సూక్ష్మదర్శినిలో చూస్తే ఏమీ కనిపించలేదు. (ఉప్పు రైతు కొడుకు, అల్లూరు)

జవాబు: అది ఎక్కువగా రెండు జీవుల కలయిక. ఒకటి ఉప్పులో బతికే ఆర్కియా (బాక్టీరియాను పోలిన ఏకకణ జీవులు), చాలా చిన్నవి, మామూలు సూక్ష్మదర్శినిలో సన్నని చుక్కల్లానే ఉంటాయి. రెండోది డ్యునాలియెల్లా సలైనా. పేరుకు పచ్చ నాచే. కణానికి గిన్నె ఆకారంలో ఒకే హరితరేణువు. ఉప్పు, ఎండ మించి, నత్రజని తగ్గినప్పుడు ఆ హరితరేణువు లోపలే నూనె బొట్లలో బీటా కెరోటిన్ నింపుకుంటుంది. పత్రహరితం ఉంటుంది, కానీ నారింజ రంగు దాన్ని కప్పేస్తుంది. వాననీటి తొట్లలో ఎర్రబడే హెమటోకాకస్‌లో ఎరుపు హరితరేణువు బయట, కణద్రవ్యంలోని నూనె బొట్లలో చేరుతుంది. రెండింటినీ పక్కపక్కన చూస్తే మొదటిదానిలో రంగు గిన్నె అంచు వెంబడి, రెండోదానిలో కేంద్రకం చుట్టూ మధ్యలో మొదలవుతుంది.

మీకు ఏమీ కనిపించకపోవడానికి ఎక్కువ అవకాశమున్న కారణం, స్లైడు మీద మంచినీళ్లు వేయడం. డ్యునాలియెల్లాకు గట్టి కణకవచం లేదు. మంచినీళ్లు తగిలితే నీరు పీల్చుకుని ఉబ్బి పగిలిపోతుంది. కొఠారు నీళ్లే ఒక చుక్క తీసుకుని 10 ఎక్స్‌తో మొదలుపెట్టండి. కోడిగుడ్డు ఆకారంలో, కొరడాల్లాంటి రెండు కశాభాలతో ఈదుతూ, పదీ ఇరవై మైక్రాన్ల పొడవున్నవి అవే. ఆవిరై స్లైడు మీద ఉప్పు పలుకులు కడుతుంటుంది కనుక ఐదు నిమిషాలకొకసారి కొత్త చుక్క వేసుకోండి. లెన్సుకు ఉప్పునీరు తగిలితే తడిబట్టతో వెంటనే తుడవండి.